ఒక్కరికి సరిపడా కాఫీ

ఉప్పల్, హైదరాబాద్
19 జనవరి 2025

స్నేహ వదినకు,

ఉత్తరం చూసి భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కాలంలో ఉత్తరమేంటి, దీనికేమన్నా పిచ్చి లేచిందా అనుకుంటావని తెలుసు. మరి మొన్న ఆదివారం ఫోన్ చేస్తే ఏమైంది? అమ్మ స్పీకర్ పెట్టింది. నువ్వు "ఆఁ బాగున్న, ఆఁ తిన్న, ఆఁ మంచిగనే ఉన్న" అని మూడు ముక్కలు చెప్పి పొయ్యి మీది చాయ్ గంజు దగ్గరికి ఉరికావు. అమ్మేమో నా పెళ్ళి సంగతి ఎత్తుకుని ఎంతకీ దించలేదు. నీ ఫోన్ పాడై ఎన్నాళ్ళైందో, బాగు చేయించుకునే తీరిక నీకు లేదు. అన్న చాయ్ హోటల్ ఫోనేమో గల్లా మీద కూర్చుని పైసలొచ్చినట్టు అరవడానికే సరిపోతోంది. అందుకే ఈ పాతకాలం పద్ధతి పట్టాను. బస్సు పార్సిల్ డబ్బా మీద నీ పేరే రాశాను. అన్న పేరు రాస్తే అన్న విప్పుతాడు.

డబ్బాలో ఉన్న పొట్లాలు మా కంపెనీ అమ్మే డ్రిప్ బ్యాగ్ కాఫీ. సీలు వంకరగా పడ్డవాటిని బయట అమ్మరు, మాకు ఇచ్చేస్తారు. లోపలి కాఫీకి ఏ వంకరా లేదు. పొట్లం చింపితే తెల్లటి పల్చటి సంచి ఉంటుంది. దాని పైభాగం చుక్కల గీత వెంబడి చింపు. రెండు పక్కలా అట్టముక్క చెవులుంటాయి. వాటిని బయటికి లాగి కప్పు అంచులకు తగిలించు. నీళ్ళు మసిలాక దించి కాసేపు ఆగు. ముందు పొడి తడిసేంత మాత్రమే పోసి మళ్ళీ ఆగు. పొడి పొంగుతుంది. అప్పుడు సన్నటి ధారగా, తొందరపడకుండా పోస్తూ పో. కిందికి దిగేది కాఫీ. సంచి తీసి పారేస్తే సరి. ఫిల్టరూ వద్దు, గిన్నె తోమే పనీ లేదు. పాలు, చక్కెర లేకుండా తాగమని మా ట్రైనింగులో చెప్తారు గానీ అది నీ ఇష్టం.

పోయిన వారం విజయవాడ రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఇట్లాగే చేసుకున్నాను. రైలు ఊగుతుంటే ధార కప్పులో సగం, నా చున్నీ మీద సగం. ఎదురు సీటు పెద్దమనిషి "అదేం మందమ్మా?" అని అడిగాడు.

ఒక పొట్లం ఒక్కరికే వస్తుంది వదినా. నాకు దీనిలో నచ్చింది అదే. పొద్దంతా ఊరందరికీ చాయ్ పోస్తావు. ఒక్క కప్పు నీకోసం చేసుకో. ఎవరికీ చెప్పకు.

నీ ఆడపడుచు,
నిస్సి

* * *

మెదక్
31 జనవరి 2025

నిస్సికి వదిన దీవెనలు.

డబ్బా అందింది. మీ అన్న పక్కనే నిలబడి "ఏందది?" అని అడిగాడు. "మీ చెల్లె ఏదో ఆడోళ్ళ సామాను పంపింది" అన్నాను. చెయ్యి కాలినట్టు వదిలేసి గల్లా దగ్గరికి పోయాడు.

మొదటిది పాడు చేశాను. నువ్వేమో కప్పు అంచుకు తగిలించమన్నావు. మన హోటల్లో ఉన్నవన్నీ బుడ్డ గ్లాసులాయె. సంచి చెవులు ఎటూ ఆనక, మొత్తం లోపలికి జారి మునిగింది. తీద్దామని వేలు పెడితే వేలు కాలింది. రెండోదానికి ఇంటినుంచి అత్తమ్మ స్టీలు చెంబు తెచ్చాను. హోటల్ వెనక గ్యాసు సిలిండర్లు పెట్టే అర్రలో, మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక, పాల ట్రే బోర్లించి దానిమీద కూర్చుని చేశాను. పొడి పొంగింది. నువ్వు చెప్పినట్టే ఆగాను. అల్లం, యాలకులు, అడుగంటిన పాలు, ఈ మూడూ లేని వాసన పీల్చి ఎన్నాళ్ళైందో. తాగుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. చేదుకు కాదులే.

నీకు కాక ఎవరికి చెప్పుకోను? మీ అన్న ఎల్దుర్తి రోడ్డు మీద బండి మీదినుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు ఏమనుకున్నాం? కట్టు విప్పేదాకా గంజు దగ్గర నేను నిలబడాలి, అంతే. బడికి సెలవు చీటీ రాసిచ్చి వచ్చాను. కట్టు విప్పారు. చెయ్యి నయమైంది. ఆ చేత్తో మీ అన్న సాయంత్రాలు క్యారమ్స్ ఆడుతున్నాడు. గంజు దగ్గర మాత్రం నేనే ఉన్నాను.

తప్పు నాదే. చాయ్ మంచిగ పెట్టాను. ఇప్పుడు బస్టాండు నుంచి కూడా నడిచి వస్తున్నారు, "అక్క చేతి చాయ్" అని. మీ అన్న చెయ్యి వేస్తే "ఏంది విక్టరన్నా, అక్క లేదా ఇయ్యాల?" అని మొహం మాడ్చుకుంటున్నారు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఆ పొయ్యి ముందు రెండు బండల మేర జాగా ఉందే, అదే నా లోకం.

మొన్న మా హెడ్‌మిస్ట్రెస్ రజని మేడం చాయ్ తాగడానికి వచ్చింది. గ్లాసు పట్టుకుని నన్నే చూస్తూ, "ఏం టీచరమ్మా, పిల్లలు అడుగుతుండ్రు. నీ తెలుగు పోస్టుల ఎవర్నీ వెయ్యలే. ఉన్నోళ్ళతోనే నెట్టుకొస్తున్న. జూన్ల బడి తెరిచేదాంక చూస్తా, గప్పటికి నువ్వు రావాలె" అంది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నాకు బడికి పోవాలని ఉంది నిస్సీ. పద్యం అప్పజెప్పమంటే కిటికీలోంచి చూసే ఆ ఏడో తరగతి వెధవల్ని చూడాలని ఉంది. చాక్‌పీసు పొడి చేతికి అంటుకోవాలని ఉంది. ఇంతకంటే ఎట్లా చెప్పను?

మీ అన్నకు నేనే చెప్తాను. సమయం చూసి చెప్తాను. నువ్వు మాత్రం నోరు జారకు. పొట్లాలు ఇంకా ఉంటే పంపు.

వదిన,
స్నేహలత

* * *

కరీంనగర్, లాడ్జి
16 ఫిబ్రవరి 2025

వదినా,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. గ్లాసులో మునిగిన సంచి సంగతి చదివి బస్సులో పగలబడి నవ్వాను. పక్కనామె లేచి వేరే సీటుకు పోయింది.

ఇక్కడ లాడ్జి రూములో కెటిల్ పెట్టారు. పొద్దున్నే కిటికీ తెరిచి, కాఫీ చేసుకుని, రోడ్డు చూస్తూ తాగుతాను. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. రేపు జగిత్యాల, ఎల్లుండి ఇంకెక్కడో. ఆఫీసు పని అన్నాక తిరగాలి కదా. కాళ్ళు కొంచెం లాగుతాయి, అంతకంటే కష్టమేమీ లేదు.

అన్నకు చెప్పడానికి సమయం చూడ్డమేంటి వదినా? రాహుకాలం చూస్తున్నావా ఏంది, చర్చికి పోయే మన ఇంట్లో అది కూడా లేదాయె! "నేను బడికి పోత" అను. రెండు మాటలు. అన్న మంచోడు. గట్టిగా అరవడు కూడా. నీ మాట మీద నేను నోరు విప్పను, అమ్మ తోడు. కానీ చెప్పకపోతే అన్నకు కలొస్తుందా?

పొట్లాలు పంపుతున్నాను. ఈసారి పెద్ద కప్పు కూడా పెట్టాను, దాచుకో.

నిస్సి

* * *

మెదక్
14 మార్చి 2025

నిస్సికి,

నీ కప్పును దాచడం వరకు బాగానే జరిగింది. వాసనను దాచడం ఎట్లాగో నువ్వు చెప్పలేదు.

లెంట్ ఉపవాసాలు మొదలయ్యాయి కదా. మీ గాబ్రియేలు పెద్దనాయన ఈసారి ఈస్టర్ దాకా చాయ్ మానేస్తానని చర్చిలో అందరి ముందూ మొక్కుకున్నాడు. మానేసినా హోటల్‌కు రావడం మానలేదు. బెంచీ మీద కూర్చుని, తాగేవాళ్ళ నోళ్ళ వంక చూస్తూ, పేపరు తిరగేస్తూ పొద్దుపుచ్చుతున్నాడు. మొన్న మధ్యాహ్నం నేను అర్రలో కూర్చుని ధార పోస్తుంటే తలుపు దగ్గర నీడ పడింది.

"గదేంది బిడ్డా, గుమ్మని వాసనొస్తుంది?"

"కాఫీ మామయ్యా. నిస్సి పంపింది."

కాసేపు ఆలోచించాడు. "నేను చాయ్ ఇడిసిపెడ్తనని దేవునికి చెప్పిన గని, కాఫీ ముచ్చట ఎత్తలే" అన్నాడు. తర్వాత పాల ట్రే మీద నా పక్కనే సర్దుకుని కూర్చుని, "ఒక్కదానివే ఏం తాగుతవు గని, వన్ బై టూ చెయ్యి" అన్నాడు.

అది ఒక్కరికే వచ్చేదని చెప్పాను. "గట్లెట్లుంటది? ఒక్కలే తాగే కాఫీ ఏడన్న ఉంటదా?" అని నవ్వాడు. పెద్దాయన్ని ఏమనను? సగం పోసిచ్చాను.

ఇక చూసుకో. ఆయన తాగి ఊరుకున్నాడా? లెంట్‌లో చాయ్ మానేసిన భక్తులందరికీ వర్తమానం పోయింది. కోయిర్‌లో పాడేవాళ్ళు, సండే స్కూల్ వాళ్ళు, చర్చి గేటు దగ్గర కొవ్వొత్తులు అమ్మే ఆమె, అందరూ "అక్కా, గా సంచి కాఫీ" అంటున్నారు. ఒక్కడూ నిండు కప్పు అడగడు. వన్ బై టూ. నిన్న ముగ్గురు వచ్చి వన్ బై త్రీ అన్నారు! అదే సంచి మీద మళ్ళీ నీళ్ళు పోయమన్నారు. పోస్తే బియ్యం కడుగు నీళ్ళలా దిగింది. అది కూడా ఊది ఊది తాగారు.

మీ అన్న చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మొహం విప్పారింది. "గింత మంచి సరుకు ఎనక అర్రల దాసిపెట్టినవా?" అన్నాడు. నా పెద్ద కప్పు ఇప్పుడు ముందు కౌంటర్ మీద ఉంది.

మీ అన్నకు చెప్దామని మొన్న నోరు తెరిచాను. అప్పుడే ఆటో నిండా పాపన్నపేట కూలీలు దిగారు. పొలాల్లో కలుపు తీసి వస్తున్న ఆడవాళ్ళు, కాళ్ళకు ఇంకా బురద ఆరలేదు. వాళ్ళకు చాయ్ పోసి చూసేసరికి మీ అన్న క్యారమ్స్‌కు పోయాడు.

పొట్లాలు ఇంకా పంపు. ఎక్కువ పంపు. లేకపోతే నా కప్పు నాకు మిగిలేట్టు లేదు.

వదిన

* * *

ఉప్పల్
27 మార్చి 2025

వదినా! వదినా! వదినా!

నీ ఉత్తరం చదివి గంతేశాను. దారి దొరికింది. నువ్వే చూపించావు, నీకే తెలియలేదు.

ఆలోచించు. చాయ్ పెట్టాలంటే చేతి గుణం ఉండాలి. ఎంత పాలు, ఎంత అల్లం, ఎప్పుడు దించాలి, అదంతా నీ చేతికే తెలుసు. అందుకే నిన్ను వదలడం లేదు. మరి డ్రిప్ బ్యాగ్ కాఫీకి? వేడినీళ్ళు పోయడం వస్తే చాలు. ఎవరు పోసినా అదే రుచి. చాయ్ తగ్గి కాఫీ పెరిగిందనుకో, నువ్వు అక్కడ ఉండాల్సిన పనే లేదు!

అందుకే అన్నకు ఫోన్ చేశాను. ఆగు, తిట్టకు. బడి సంగతి ఎత్తలేదు. ఇచ్చిన మాట తప్పలేదు. "అన్నా, కాఫీ కౌంటర్ వేరేగా పెట్టు, వదిన లేకున్నా నడిచేటట్టు" అన్నాను. అన్న ఏమన్నాడో తెలుసా? "మస్తు ఐడియా చెల్లె! స్నేహ గురించి నేను గూడ ఏదన్న చెయ్యాలనుకుంటున్న" అన్నాడు. విన్నావా? నీ గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు.

మా కంపెనీలో నా పైనుండే సందీప్ సార్‌కు కూడా చెప్పాను. చిన్న ఊరి చాయ్ హోటల్లో మా కాఫీ అంటే ఆయన కుర్చీలోంచి లేచాడు. ఫొటో కావాలన్నాడు. అన్న పంపాడు. కొంగు నడుముకు దోపి, కెటిల్ ఎత్తి ధార పోస్తూ ఎంత బాగున్నావో! రెండు పెద్ద పెట్టెలు బయల్దేరాయి.

జూన్ కల్లా నీకు విడుదల. బడికి కట్టుకుపోయే చీరలు ఇస్త్రీ చేయించుకో.

నిస్సి

* * *

మెదక్
22 ఏప్రిల్ 2025

నిస్సీ,

విడుదల అన్నావు కదా, విను.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే ఆరాధనకు చర్చి నిండింది. ప్రార్థన అయ్యాక మీ అన్న నా చెయ్యి పట్టుకుని "జర కండ్లు మూసుకో" అన్నాడు. పెళ్ళైన కొత్తలో కూడా నా చెయ్యి అట్లా పట్టుకోలేదు. రోడ్డు వెంబడి నడిపించుకొచ్చి హోటల్ ముందు ఆపి "ఇగ తెరువు" అన్నాడు.

హోటల్ మీద ఫ్లెక్సీ. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. "స్నేహ కాఫీ పాయింట్." పక్కన నేను. కొంగు దోపి, కెటిల్ ఎత్తి, నవ్వుతూ. నా మొహం మన ఇంటి తలుపంత ఉంది. కింద "ప్రేమతో మీ స్నేహక్క" అని రాసి ఉంది. ఆ మాట నేనెప్పుడన్నానో నాకు తెలియదు.

"ఎట్లుంది?" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "మా అమ్మ పేరు మీద గూడ పెట్టలే. నీ పేరు మీద పెట్టిన. నీ కష్టం నేను చూస్తలేననుకున్నవా?"

చుట్టూ చర్చి నుంచి వచ్చిన జనం చప్పట్లు కొట్టారు. నేను "మంచిగుంది" అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు నా నాలుక తెగ్గోసినా పాపం లేదు.

ఎవరు పోసినా అదే రుచి అన్నావు కదా. రుచి అదే. కానీ మొదటి రోజు మీ అన్న కాఫీ కౌంటర్ దగ్గర నిలబడితే, చర్చి చూడ్డానికి హైదరాబాద్ నుంచి కార్లో వచ్చినవాళ్ళు పైకి చూసి, "ఫొటోలో ఉన్న ఆమె లేదా?" అన్నారు. ఆమె చేతులతో పోస్తేనే ఫోన్లో వీడియో తీసుకుంటారట. చాయ్ గిరాకీ తగ్గిందా? లేదు. ఫ్లెక్సీ చూసి వాళ్ళూ పెరిగారు. ఇప్పుడు కుడిపక్క గంజు, ఎడమపక్క కెటిల్. ఇక్కడ మూడు పొంగులు రానిచ్చి అక్కడికి ఉరకాలి, అక్కడ పొడి పొంగేలోపు ఇక్కడికి ఉరకాలి. మునుపు కనీసం ఒకచోట నిలబడేదాన్ని.

అత్తమ్మ రోజూ సాయంత్రం స్టూలు వేసుకుని, కొంగుతో నా మొహం మీద దుమ్ము తుడుస్తోంది. నా మొహం కాదులే, పైనున్న ఆ మొహం.

తిట్టే మొగుడైతే తిరగబడేదాన్ని నిస్సీ. తాగొచ్చి కొడితే నా తల్లిగారింటికి పోయేదాన్ని. ఇంత ప్రేమ చూపిస్తూ కట్టేస్తే ఎట్లా విడిపించుకోవాలి? ఎవరికి చెప్పుకున్నా "అదృష్టవంతురాలివి" అంటారు. రాత్రి పడుకుంటే మంచం మీద కూడా ఆ ఫ్లెక్సీ కింద పడుకున్నట్టే ఉంది.

నీ మీద కోపంగా ఉంది. నేను నీకు చెప్పిన మాట ఒకటి, నువ్వు మీ అన్నకు చేర్చిన మాట ఇంకొకటి. నాకోసమే చేశావని తెలుసు. మీ అన్నాచెల్లెళ్ళిద్దరికీ నాకోసం చేయడం బాగా వచ్చు.

స్నేహలత

* * *

ఉప్పల్
12 మే 2025

వదినా,

ఇన్ని రోజులు రాయలేకపోయాను. నీ ఉత్తరం చదివినప్పుడల్లా మడిచి మళ్ళీ సంచిలో పెట్టేసేదాన్ని. తప్పైపోయింది. ఎన్నిసార్లు రాసినా ఈ మాట సరిపోదు.

కానీ ఈ ఉత్తరం క్షమాపణ కోసమే రాయడం లేదు. సిగ్గు విడిచి ఒకటి అడగాలి. అడిగేముందు ఒక నిజం చెప్పాలి.

అమ్మ చర్చిలో అందరికీ చెప్తుంది చూడు, "మా నిస్సి ఏసీ ఆఫీసుల మేనేజరు" అని. నాకు ఆఫీసులో కుర్చీ లేదు వదినా. పెద్ద కంపెనీల క్యాంటీన్ల బయట, మాల్స్‌లో మెట్ల కింద, చిన్న టేబుల్ వేసుకుని నిలబడతాను. వచ్చేపోయేవాళ్ళకు చిన్న కాగితపు కప్పుల్లో కాఫీ పోసి, నవ్వి, "ఒక్కసారి రుచి చూడండి సార్" అంటాను. కూర్చోకూడదు. టేబుల్ వెనక స్టూలు ఉంటే ఫొటో తీసి ఆఫీసుకు పంపుతారు. కిటికీ పక్కన కాఫీ తాగిన ఆ లాడ్జి నిజమే. కానీ ఆ పొద్దున కాళ్ళ వాపుకు చెప్పులు పట్టక, వేడినీళ్ళు సగం కాఫీకి, సగం కాళ్ళకు పోసుకున్నాను.

నా ఒప్పందం జూన్ నెలాఖరుకు అయిపోతుంది. మళ్ళీ రాస్తారో లేదో అనుకుంటున్నప్పుడు నీ ఫొటో వచ్చింది. సందీప్ సార్ దాన్ని కొత్త ప్రచార కాగితాల మీద వేయించాడు. జూన్ చివర పైనుంచి పెద్దవాళ్ళు వస్తారట, మెదక్ వచ్చి హోటల్ చూస్తారట. బోర్డు, నువ్వు, అన్నీ అట్లాగే ఉంటే నన్ను ఉంచుతారు. లేకపోతే సామాను సర్దుకుని ఇంటికి రావాలి. ఇంటికి వస్తే అమ్మ మళ్ళీ గడప దాటనివ్వదు. పెళ్ళి సంబంధం సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది, నీకు తెలుసు. అప్పుడు నేనూ ఏదో ఒక గంజు ముందు నిలబడాలి.

ఒక్క నెలన్నర వదినా. ఆ బోర్డు ఉండనీ. అన్నకు ఇప్పుడే ఏమీ చెప్పకు. నీకు దారి చూపిస్తానని వచ్చి నీ దారికే అడ్డం పడుతున్నానని తెలుసు. అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.

నిస్సి

* * *

మెదక్
19 మే 2025

నిస్సికి,

ఉండనీ.

బోర్డు హోటల్ మీద ఉంటుంది, నేను బడిలో ఉంటాను. నీ పెద్దవాళ్ళు వచ్చిన రోజు ఒక పూట సెలవు పెట్టి వచ్చి నిలబడతాను. ఫొటో వేలాడితే నాకేం నష్టం?

రజని మేడంకు ఒప్పుకుంటున్నానని చెప్దామని ఇంటికి పోతే తాళం ఉంది. ఎండాకాలం సెలవులకు బిడ్డ దగ్గరికి పోయిందట. గల్లా మీది ఫోన్లో, మీ అన్న ముందు చెప్పే మాట కాదు ఇది. బడి తెరిచిన రోజే పోతాను. జూన్ దాకా చూస్తానని మాట ఇచ్చింది కదా.

కాళ్ళకు ఉప్పునీళ్ళు పెట్టుకో. ఎత్తు చెప్పులు వేసుకోకు.

వదిన

* * *

మెదక్
14 జూన్ 2025

నిస్సికి వదిన రాయునది.

గురువారం బడి తెరిచారు. పొద్దున్నే ఆకుపచ్చ నూలు చీర కట్టుకుని, సంచి భుజానికి వేసుకుని హోటల్‌కు పోయాను. మీ అన్న అప్పుడే షట్టర్ ఎత్తాడు. గాబ్రియేలు మామయ్య బెంచీ మీద ఉన్నాడు. ఇంకో నలుగురు చాయ్ కోసం చూస్తున్నారు. నేను పొయ్యి దగ్గరికి పోలేదు.

"ఇయ్యాల చాయ్ పెట్ట. బడికి పోతున్న" అన్నాను.

మీ అన్న నవ్వాడు. "ఎవరి పిల్లనన్న చేర్పిచ్చేదుందా?"

"నన్ను నేనే చేర్పిచ్చుకునేదుంది."

నవ్వు ఆగింది. నన్ను, చీరను, సంచిని చూశాడు. "నీకిది ఇష్టం లేదా?" అన్నాడు.

"లేదు."

"ఎప్పటిసంది?"

"నీ కట్టు ఇప్పినప్పటిసంది."

పక్కనోళ్ళు గ్లాసులు లేకుండానే చాయ్ ఊదుతున్నట్టు నేల చూపులు చూస్తున్నారు. మీ అన్న గల్లా దాటి ముందుకొచ్చాడు. "మరి చెప్పొచ్చు గదా! గిదంత నీ కోసమే చేసిన. నలుగురు మెచ్చుకుంటుంటే నవ్వుతుంటివి గదనే!"

"గిరాకీ ముందల ఏడ్వనా మరి?"

మీ అన్న గ్యాసు కట్టేసి, షట్టర్ దించి, బండి బయటికి తీశాడు. "ఎక్కు, దింపొస్త" అన్నాడు. మామయ్య బెంచీ మీదినుంచి లేవనే లేదు. మూసిన షట్టర్ ముందే కూర్చున్నాడు.

బండి మీద పోతుంటే గాలికి నా కొంగు ఎగిరింది. ఇంత తేలికా, ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డాను అనుకున్నాను. నవ్వొచ్చింది కూడా.

రజని మేడం నన్ను చూసి కుర్చీలోంచి లేచింది. "అయ్యో స్నేహలతా! నిన్ననే గదా ఒకామెను తీసుకున్న!"

"జూన్ దాంక చూస్తనంటిరి గదా మేడం?"

"చూసిన. ఊర్లకొచ్చినప్పటిసంది రోజు చర్చి రోడ్డు మీద నిన్నే చూస్తున్న. గంత పెద్ద ఫొటో, గంత పెద్ద పేరు! సొంతంగ దుకాణం పెట్టుకున్నది, ఇగ బడికి ఏడొస్తది అనుకున్న. అడిగితే నువ్వు మొహమాటపడ్తవని అడగలే."

ఫొటో వేలాడితే నాకేం నష్టం అని నీకు రాసింది నేనే.

మీ అన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నాది తప్పు మేడం, నేనే కట్టిచ్చిన" అన్నాడు. ఆ క్షణంలో అతని మీద జాలి కలగలేదు. పట్టుకుని గట్టిగా అరవాలనిపించింది. జాలి తర్వాత, ఇంటికొచ్చాక కలిగింది.

మేడం కాసేపు బల్ల మీద పెన్ను దొర్లిస్తూ కూర్చుంది. "పాపన్నపేటల మా తమ్ముడు చంద్రకాంత్ చిన్న బడి నడుపుతుండు. మూడు, నాలుగు తరగతులకు తెలుగు చెప్పెటోళ్ళు లేరు. జీతం గూడ తక్కువే. నీకు చెప్పాల్నంటేనే..."

"గంత దూరం షేర్ ఆటోల రోజు ఎట్ల..." అని మీ అన్న మొదలుపెట్టాడు.

"వస్తా మేడం" అన్నాను. అతని మాట పూర్తి కాలేదు, నేను అనేశాను. మేడం అక్కడే ఫోన్ చేసింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ సాయంత్రం మీ అన్న నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ తాళ్ళు తనే కోశాడు. కింద నిలబడి నేను పట్టుకున్నాను. అత్తమ్మ ఏడ్చింది. దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుంది.

కాబట్టి నిస్సీ, నీ పెద్దవాళ్ళు వస్తే ఇక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు. ఉండనీ అని రాసిచ్చినదాన్ని నేనే, ఆ మాట నేనే తప్పుతున్నాను. నీ ఉద్యోగం సంగతి తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. నువ్వు ఇంటికి వస్తే అత్తమ్మతో నీ తరఫున మాట్లాడతాను. నిన్ను గడప దాటనిస్తారని మాత్రం మాట ఇవ్వలేను, ఆ గడప నాకే ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నువ్వు టేబుల్ పక్కన నిలబడే సంగతి అత్తమ్మకు నేను చెప్పను. అది నువ్వే చెప్పాలి. కోపం వస్తే నన్ను తిట్టుకో. నేనైతే నిన్ను గట్టిగానే తిట్టుకున్నాను.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాయి. మూడో తరగతి వాచకానికి అట్ట వేసుకుంటున్నాను. మీ అన్న చాలాసేపటినుంచి గడపలో కూర్చుని ఉన్నాడు. ఇందాక అడిగాడు, కోపంగా కాదు, నిజంగానే తోచక అడిగాడు.

"మరి సోమారం పొద్దుగాల చాయ్ ఎవరు పెడ్తరు?"

వెనకటి స్నేహలతైతే వెంటనే లేచేది. ఎవర్ని పెట్టుకోవాలో, పొద్దున్నే లేచి పాలు ఎట్లా కాచిపెట్టి పోవాలో, అన్నీ తనే చెప్పేది. నా నోటి చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"నాకు తెల్వదు" అన్నాను.

మీ అన్న నా మొహం వంక చూస్తున్నాడు. ఇంకా ఏమన్నా చెప్తానేమోనని చూస్తున్నాడు. నేను అట్ట మడత పెట్టుకుంటున్నాను.

నీ వదిన,
స్నేహలత